టెక్ సందేహాలు: ఊరి పొగను కొలిచేదెలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. యాసంగి కోతలయ్యాక కొయ్యకాళ్లు తగలబెడితే కళ్లు మండుతున్నాయి. ఆ రోజు ఒక యాప్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 98, ఇంకో యాప్‌లో 153. ఏది నమ్మాలి సార్?

జవాబు: రెండూ ఒకే లెక్క కావచ్చు. మన దేశపు కొలమానంలో 98 అంటే ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 (2.5 మైక్రాన్లలోపు సన్నని ధూళి) దాదాపు 59 మైక్రోగ్రాములు, 'సంతృప్తికరం'. అదే 59ని అమెరికా కొలమానంలో వేస్తే 153, ఎర్ర రంగు. అందుకే యాప్‌లో ఏక్యూఐ వదిలేసి మైక్రోగ్రాముల అంకె చూడండి.

అసలు చిక్కు వేరే ఉంది. దగ్గర్లో కొలిచే కేంద్రం లేని ఊళ్లకు చాలా యాప్‌లు ఉపగ్రహాలు, వాతావరణ మోడళ్లు కలిపి వేసిన అంచనానే చూపిస్తాయి. యూరప్ వాళ్ల 'కామ్స్' అనే ప్రపంచ గాలి నాణ్యత మోడల్‌లో ఒక్కో గడి వెడల్పు సుమారు 40 కిలోమీటర్లు. మీ ఊరి చెరువు కింద పదెకరాల మంట అందులో ఎక్కడ కనిపిస్తుంది? పైగా మన ఏక్యూఐ 24 గంటల సగటు. సాయంత్రం రెండు గంటల పొగ అందులో కలిసిపోతుంది.

ప్రశ్న: నకిరేకల్‌లో మా బడి డాబా మీద పీఎంఎస్5003 ధూళి సెన్సర్, దాని అంకెలు చదివే ఈఎస్‌పీ32 బోర్డు పెట్టాం. డిసెంబర్‌లో తెల్లవారుజామున పీఎం 2.5ను 180గా చూపించి, తొమ్మిదింటికల్లా 50కి పడిపోతోంది. సెన్సర్ పాడైందా?

జవాబు: పాడవలేదు, మంచును కూడా లెక్కేస్తోంది. ఈ సెన్సర్ లేజర్ వెలుగు ఎంత చెదిరిందో చూసి ధూళిని అంచనా వేస్తుంది. నీటి తుంపర కూడా వెలుగును చెదరగొడుతుంది. తేమ 80 శాతం దాటితే పొగ రేణువులు సైతం నీరు పీల్చి ఉబ్బుతాయి. పెద్ద కేంద్రాల్లోని యంత్రాలు గాలిని లోపలికి తీసుకునేటప్పుడే వేడిచేసి తేమను తగ్గిస్తాయి. దీనికి ఆ ఏర్పాటు లేదు.

అలాగని మొత్తం మంచు మీదికే తోసేయకండి. చలికాలపు తెల్లవారుజామున నేల దగ్గరి చల్లగాలి పైకి లేవదు, నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యిల పొగ అక్కడే నిలుస్తుంది. దేని వాటా ఎంతో తేలాలంటే బీఎంఈ280 తేమ సెన్సర్ కలపండి. దాన్ని డబ్బా లోపల పెట్టకండి. బోర్డు వేడికి తేమ తక్కువ చూపిస్తుంది. బయట నీడలో వేలాడదీయండి. తర్వాత తేమ ఒకేలా ఉన్న రెండు ఉదయాలు తీసుకోండి, ఒకటి పొగ ఉన్నది, ఇంకోటి లేనిది. ఆ రెండింటి మధ్య తేడానే పొగ. అమెరికాలో తయారైన తేమ సవరణ సూత్రాలు నెట్‌లో దొరుకుతాయి కానీ, మన పొయ్యి పొగకు వాటిని గుడ్డిగా వాడటం నాకు నచ్చదు.

వైరింగ్ కూడా ఒకసారి చూసుకోండి. సెన్సర్‌కు 5 వోల్టులే ఇవ్వాలి, 3.3 వోల్టుల పిన్‌కు కలిపితే ఫ్యాన్ నెమ్మదించి అంకెలు తప్పుతాయి. డేటా మాత్రం 3.3 వోల్టులే కాబట్టి సెన్సర్ టీఎక్స్ (డేటా పంపే) పిన్‌ను నేరుగా బోర్డు 16వ పిన్‌కు ఇవ్వొచ్చు, డేటా వేగం 9600 అని పెట్టండి. మీది 'రోవర్' రకం బోర్డయితే 16, 17 పిన్లను దాని అదనపు మెమరీ వాడుకుంటుంది, వేరే పిన్ ఎంచుకోండి. సెన్సర్ పీఎం 2.5ను రెండు వరుసల్లో పంపుతుంది, 'సీఎఫ్1' ఒకటి, 'అట్మాస్ఫెరిక్' ఒకటి. సుమారు 30 దాకా రెండూ ఒకటే, ఆపై విడిపోతాయి. నెల మధ్యలో సీఎఫ్1 నుంచి అట్మాస్ఫెరిక్‌కు మారితే గాలి ఉన్నట్టుండి బాగుపడిందనిపిస్తుంది!

రోజంతా నడిపితే లేజర్ త్వరగా అలిసిపోవచ్చు. సెన్సర్‌ను దాని 'సెట్' పిన్‌తో నిద్రపుచ్చి, పది నిమిషాలకోసారి లేపి, 30 సెకన్లు ఆగాక చదవండి. గాలి వచ్చే నోరు కిందికి ఉండాలి, సాలీడు దూరకుండా సన్నని జాలీ కట్టాలి. మధ్యాహ్న భోజనం వండే పొయ్యికి దూరంగా పెట్టారో లేదో కూడా చూడండి.

ప్రశ్న: జడ్చర్ల వైపు మా ఇంటి దగ్గర కంకర క్రషర్ ఉంది. అరుగు మీద వేలితో రాస్తే అక్షరాలు పడతాయి. మీటర్ మాత్రం పీఎం 10 (10 మైక్రాన్లలోపు ధూళి) కేవలం 45 అంటోంది!

జవాబు: చవక లేజర్ మీటర్లన్నిటికీ ఉన్న లోపమిది. సన్నని పొగను బాగానే పట్టుకుంటాయి. రాతి దుమ్ము, రోడ్డు దుమ్ము లాంటి ముతక రేణువులను చాలావరకు వదిలేస్తాయి. వాటిలో పీఎం 10 అంకె చాలావరకు సన్నని రేణువుల నుంచి కట్టిన అంచనా. కాబట్టి ఆ 45 చూపి 'దుమ్ము లేదు' అని ఎవరైనా వాదిస్తే ఒప్పుకోకండి. కాలుష్య నియంత్రణ మండలికి రాసేటప్పుడు ఫిల్టర్ కాగితం మీద దుమ్ము పట్టి తూకం వేసే పీఎం 10 పరీక్షే అడగండి. 24 గంటల పరిమితి 100 మైక్రోగ్రాములు. దరఖాస్తుకు క్రషర్ నడిచే వేళలు, గాలి వాలు జతచేయండి.

ప్రశ్న: ఉపగ్రహాలు పట్టిన మంటలను చూపే నాసా 'ఫర్మ్స్' మ్యాప్‌లో మా పక్క పొలం మంట కనిపించలేదేం?

జవాబు: అందులో వాడే, మంటల వేడిని పసిగట్టే వీర్స్ పరికరమున్న ఉపగ్రహాలు మన మీదుగా మధ్యాహ్నం, రాత్రి ఇంచుమించు ఒకటిన్నర ప్రాంతంలో పోతాయి. సాయంత్రం ఆరింటికి అంటించిన గడ్డి ఆ లోపే బూడిదవుతుంది. మబ్బున్నా అంతే. ఎర్ర చుక్క కనిపించినా అది 375 మీటర్ల గడికి మధ్య బిందువు మాత్రమే. ఆ చుక్కను చూసి ఫలానా సర్వే నంబర్‌లోనే కాల్చారని పంచాయితీ పెట్టకండి.