పిలిస్తే రాని జిమ్మీ

ప్రశ్న: మా ఇంట్లో రెండేళ్ల మగ కుక్క ఉంది. పేరు జిమ్మీ. పామేరియన్ అని చెప్పి ఇచ్చారు, ఏడు కిలోలుంటుంది. ఇంతకుముందు మాకో పెద్ద నాటుకుక్క ఉండేది. ఒక్క కేకేస్తే చాలు, ఎక్కడున్నా వచ్చేది. ఇదేమో పిలిస్తే మా వంక ఒకసారి చూసి మరీ అటు తిరిగి పరిగెడుతుంది. నాటుకోళ్లను తరుముతుంది. పోయిన నెలలో మూడు కోడిపిల్లల్ని చంపింది. కొట్టాం, ఒక పూట తిండి మాన్పించాం, లాభం లేదు. మూతికి కారం రాస్తే దారికొస్తుందని మా ఊళ్లో ఒకాయన అంటున్నాడు. మొక్కై వంగనిది మానై వంగుతుందా సార్?
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: ముందు ఆ కారం సంగతి. వద్దు. కళ్లలో, ముక్కులో పడితే కుక్క విలవిల్లాడుతుంది. కోడిని తరిమినందుకే ఈ బాధ అని దానికి తెలియదు. పట్టుకుని రాసిన చేయి ఎవరిదో మాత్రం గుర్తుంటుంది. ఇక మానై వంగుతుందా అన్నారు. వంగుతుంది. రెండేళ్లంటే కుక్కకు మంచి వయసు, ఎనిమిదేళ్ల కుక్క కూడా కొత్త మాట నేర్చుకుంటుంది.

ఫోన్లో మాట్లాడినప్పుడు మిమ్మల్ని ఒకటే అడిగాను, రోజులో జిమ్మీని ఎప్పుడెప్పుడు పిలుస్తారని. పొద్దున కోళ్లను వదిలే ముందు కట్టేయడానికి, సాయంత్రం గేదె పాలు పితికేటప్పుడు కట్టేయడానికి, ఆదివారం స్నానం చేయించడానికి అని చెప్పారు. జబ్బు అక్కడే ఉంది. ‘జిమ్మీ రా’ అంటే మన లెక్కలో రమ్మని. దాని లెక్కలో గొలుసు వస్తోందని. రెండేళ్లుగా ఆ పాఠం మీరే రోజూ నేర్పారు, అది చక్కగా నేర్చుకుంది. మీ వంక చూసి మరీ పారిపోతోందంటే మాట వినపడింది, అర్థమైంది అనే కదా! పైగా ఎప్పుడో దొరికాక కొట్టారు. అంటే దగ్గరికి వస్తే దెబ్బలు కూడా పడతాయని తేలింది.

పాత నాటుకుక్కతో పోల్చకండి. దాన్ని మీరు కట్టేసేవారు కాదు, పొలానికి వెంట తీసుకెళ్లేవారు. పిలుపు వెనకాల షికారు ఉండేది. ఇంకో తేడా కూడా ఉంది. పెద్ద కుక్క మీదికి ఎగబడితే మొదటి రోజే అదిలిస్తాం. చిన్నది ఎగబడితే ముద్దొస్తుంది, నవ్వి ఎత్తుకుంటాం. అదే పని రెండేళ్లు చేశాక మొండిది అంటాం. (మన ఊళ్లలో పామేరియన్ పేరుతో పెరిగేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్ కుక్కలు. అసలు పామేరియన్ మూడు కిలోలు దాటడమే తక్కువ. మీదీ స్పిట్జే అయ్యుంటుంది. తెలివైన జాతి, కాస్త నోరెక్కువ.)

శిక్షణ మొదలెట్టే ముందు ఒకసారి పశువుల ఆసుపత్రిలో చూపించండి. మొండితనం అనుకున్నది కొన్నిసార్లు నొప్పి. చెవిలో గోమార్లు చేరినా, చీము పట్టినా తల విదిలిస్తుంది, చెవి దగ్గర చేయి పెట్టనివ్వదు. చిన్న జాతుల్లో వెనక మోకాలి చిప్ప పక్కకు జారడం మామూలే. పరిగెడుతూ పరిగెడుతూ ఒక వెనక కాలు ఎత్తి నాలుగు గెంతులు గెంతి, మళ్లీ మామూలుగా నడుస్తుంటే అదే కావచ్చు. అలాంటి కుక్కను కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది? మెడ బెల్టు కూడా మార్చండి. ఈ జాతుల్లో గాలిగొట్టం మెత్తన, బెల్టు పట్టి గుంజితే బాతు కూసినట్టు దగ్గుతాయి. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొనండి.

ఇక పిలుపు. ‘రా’ అన్న మాట చెడిపోయింది, దాన్ని వదిలేయండి. కొత్త మాట పెట్టుకోండి, ‘దా’ అనుకుందాం. ఇంట్లో అందరిదీ ఒకే మాట కావాలి. మీరు దా అని, పిల్లలు కమ్ అని, అమ్మగారు ఇటు రావే అని పిలిస్తే దానికి అవి మూడు వేరే మాటలు.

కోడి కార్జం ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించి, శనగ గింజంత ముక్కలు కోయండి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. బిస్కెట్లు రోజూ వద్దు. ఆకలి మీదున్నప్పుడు, భోజనానికి ముందు, అరుగు మీద కూర్చోండి. అది రెండడుగుల దూరంలో ఉండి మీ వంకే చూస్తున్నప్పుడు ‘దా’ అనండి. ఒక్కసారే. వస్తుంది, చేతిలో ముక్క ఉంది కదా. ముక్క రెండు వేళ్ల మధ్య మీ మోకాలి ఎత్తులో పట్టుకోండి. రెండో చేత్తో మెల్లగా హార్నెస్ పట్టుకుని, అప్పుడు నోటికి అందించండి. అందించాక వదిలేయండి, పొమ్మనండి. ఈ వదిలేయడమే అసలు కీలకం. చేయి పడినా గొలుసు పడదని అది నమ్మాలి. పది ముక్కలు, ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. అంతకంటే సాగదీస్తే విసుగు మీకూ దానికీ. మీది ఎండల జిల్లా, దీనిదేమో దట్టమైన బొచ్చు. పొద్దున ఏడులోపు, పొద్దు గూకాక చేయండి.

ముక్క ఆలస్యం కాకూడదు. అది వచ్చిన ఒకటి రెండు సెకన్లలో నోట్లో పడాలి. ఇంట్లోకెళ్లి తెచ్చేసరికి ముక్క దేనికిచ్చారో దానికి అర్థం కాదు. కోడెను కాడికి అలవాటు చేసినవారికి ఇది నేను చెప్పాలా! అడుగు వేసిన క్షణంలోనే భుజం తడతారు కదా, పొలం దున్నడం అయ్యాక కాదు.

వారం పది రోజులకు అరుగు మీద గురి కుదురుతుంది. తర్వాత దొడ్డిలో, తర్వాత గేటు దగ్గర. అప్పటిదాకా రాదని తెలిసిన చోట ‘దా’ అనకండి. కట్టేయాల్సి వస్తే పిలవకుండా మీరే వెళ్లి పట్టుకోండి. ఎంత ఆలస్యంగా వచ్చినా, కోపం ఎంత ఉన్నా, వచ్చినదాన్ని తిట్టకండి. ఇది చెప్పినంత తేలిక కాదు, కోడిపిల్ల పోయిన రోజున మరీ కష్టం.

కట్టేయడం గురించి ఒక మాట. రోజంతా గొలుసుతో ఉన్న కుక్క వదలగానే పిచ్చిగా పరిగెడుతుంది. అది బలుపు కాదు, ఆకలి లాంటిది. కుక్కను ఎప్పుడూ కట్టేసి వ్యాయామం లేకుండా ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట పొలం గట్టు మీద నడిపించండి, సగం అల్లరి అక్కడే తగ్గుతుంది.

కోళ్ల పని అన్నిటికంటే కష్టం. కోడి వెనక పరుగే దానికి బహుమతి, మీ కార్జం ముక్క దాని ముందు దిగదుడుపు. తరిమిన ప్రతిసారీ ఆ పనికి కూలి ముట్టినట్టే. కాబట్టి తరిమే అవకాశమే లేకుండా చూడాలి. పది మీటర్ల నూలు తాడు హార్నెస్‌కు కట్టండి. నైలాన్ అయితే లాగినప్పుడు చేతులు కోసుకుంటాయి. తాడును కురచగా పట్టుకుని కోళ్లకు ఇరవై అడుగుల దూరంలో నిలబడండి. అది కోళ్ల వంక చూస్తుంది, చెవులు నిక్కుతాయి, ఒళ్లు బిగుస్తుంది. కాలు కదలకముందే ‘దా’ అనండి. తల మీ వైపు తిప్పితే ముక్క. తిప్పకుండా తాడు గుంజితే దూరం చాల్లేదని అర్థం, ఐదడుగులు వెనక్కి రండి. అరవొద్దు. తప్పకుండా తల తిప్పుతోందని తేలాకే రెండడుగులు ముందుకు జరగండి. దీనికి రెండు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు.

తినేటప్పుడు గుర్రుమంటుందని కూడా ఫోన్లో అన్నారు. గిన్నెలో చేయి పెట్టి పరీక్షించకండి, పిల్లల్ని అసలే పోనివ్వొద్దు. దూరం నుంచి ఒక కార్జం ముక్క గిన్నెలోకి విసిరి వెళ్లిపోండి. మనిషి దగ్గరికొస్తే తిండి పోదు, వస్తుంది అని కొన్నాళ్లకు తెలుస్తుంది. కరిస్తే మాత్రం పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జిమ్మీకి ఏటా రేబిస్ టీకా తప్పదు. ఏటా జులై 6న పశువైద్యశాలల్లో చాలాచోట్ల ఉచితంగా వేస్తారు.

మగది కాబట్టి, పిల్లలు అక్కర్లేదనుకుంటే ఆపరేషన్ చేయించండి. చిత్త కార్తె వచ్చిందంటే ఎదురింటి ఆడకుక్క ముందు మీ ‘దా’ కూడా, నా సలహా కూడా పనిచేయవు.

చివరిగా, ఎంత నేర్చుకున్నా కోడిపిల్లల దగ్గర ఏ కుక్కనూ ఒంటరిగా వదలొద్దు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరేదాకా తల్లికోడితో సహా గంప కింద కమ్మండి, పైన ఒక రాయి పెట్టండి.

– పశువైద్య శాస్త్రవేత్త