కొత్త మానిటర్ వల్ల కళ్లు దెబ్బతింటాయా?

ప్రశ్న: నా వయసు 42. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాను. నెల క్రితం కొత్త మానిటర్ కొన్నాను. సాయంత్రమయ్యేసరికి కళ్లు మంట, కణతల దగ్గర నొప్పి. ‘అది సిక్స్ బిట్ ప్యానెల్, లేని రంగుల్ని ఉన్నట్టు చూపిస్తుంది, లోపల తెర ఆడుతూనే ఉంటుంది’ అన్నాడు ఆఫీసు మిత్రుడు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. కళ్లు పాడవుతాయా? మానిటర్ మార్చేయమంటారా?

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజమే. కానీ దానివల్ల కళ్లు పాడైపోవు. ముందు ఆ భయం వదిలేయండి.

సిక్స్ బిట్ ప్యానెల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదాంట్లో వెలుగు తేడాలు 64 మెట్లే చూపగలదు. మొత్తం 2,62,144 రంగులు. కంప్యూటర్ మాత్రం ఒక్కోదానికి 256 మెట్లు అడుగుతుంది. మధ్యలో లేని మెట్టు కావాలంటే, దానికి అటూ ఇటూ ఉన్న రెండు మెట్లను ప్యానెల్ ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ (తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ) మార్చి మార్చి వెలిగిస్తుంది. ఈ పద్ధతినే ఎఫ్ఆర్‌సీ (ఫ్రేమ్ రేట్ కంట్రోల్) అంటారు. రెండు రంగులు పూసిన బొంగరం తిరుగుతుంటే మూడో రంగు కనిపిస్తుందే, అలాగన్నమాట. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేమ్ ఉండేది సెకనులో 60వ వంతు. మారేదీ ఒక్క మెట్టే. ముదురు బూడిదరంగు బొమ్మకు బాగా దగ్గరగా కళ్లు పెడితే సన్నని నూగు కదిలినట్టు ఉండొచ్చు. మామూలు దూరంలో చాలామందికి తెలియదు. మైగ్రేన్ ఉన్నవారిలో కొందరు దీనికే ఇబ్బంది పడతామంటారు. మీకు మైగ్రేన్ ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

దీనికన్నా బ్యాక్‌లైట్‌ను, అంటే తెరకు వెనక నుంచి వెలుగిచ్చే లైటును, పరీక్షించడం ముఖ్యం. కొన్ని మానిటర్లు వెలుగు తగ్గించడానికి లైటును వేగంగా ఆర్పి వెలిగిస్తాయి. తెల్లటి తెర ముందు పెన్సిల్‌ను అటూ ఇటూ వేగంగా ఊపండి. మసకగా కాకుండా విడివిడి పెన్సిళ్లలా కనిపిస్తే లైటు అలా ఆడుతున్నట్టే. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి మళ్లీ ఊపండి. విడివిడిగా కనిపించడం పోతే, వెలుగు తగ్గించినప్పుడే లైటు ఆడుతోందన్నమాట; అలాంటి మానిటర్ మార్చుకోవడం మంచిదే.

ఇక అసలు సంగతి మీ వయసు. 42 అంటే చత్వారం మొదలయ్యే వయసు. ఫోన్‌ను కాస్త దూరంగా పట్టుకుని చదువుతున్నారా? అయితే చేయి చాచినంత దూరంలో ఉన్న తెర కోసమూ కళ్లు రోజంతా కష్టపడుతున్నట్టే. అద్దాలు రాయించుకునేటప్పుడు కళ్లకూ తెరకూ మధ్య దూరం టేపుతో కొలిచి ఆ కొలత చెప్పండి. చాలామంది ఇది చెప్పరు. చదివే అద్దాలతోనే తెర చూస్తూ తలనొప్పి తెచ్చుకుంటారు.

మంటకు కారణం దాదాపుగా పొడిబారడమే. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాం. తెర ముందు అది సగానికి, ఇంకా తక్కువకూ పడిపోతుంది. ఫ్యాన్ గాలి నేరుగా ముఖానికి తగలకుండా కూర్చోండి. ప్రతి 20 నిమిషాలకు కిటికీ లోంచి దూరంగా ఉన్న చెట్టునో మేడనో 20 సెకన్లు చూడండి. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు వాడొచ్చు. ఎరుపు తగ్గించే చుక్కలు మాత్రం సొంతంగా కొని వేసుకోవద్దు.

రెండు వారాల్లో తగ్గకపోతే కంటి డాక్టరును కలవండి. చూపు హఠాత్తుగా తగ్గినా, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించినా, కంటినొప్పితో వాంతులైనా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.