అమ్మ మందుల కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అమ్మకు 63. ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో స్టేజీ, ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉందని రోజుకో ఒసిమెర్టినిబ్ మాత్ర రాశారు. మందు, స్కాన్లు కలిపి నెలకు 70 వేలు. ఎఫ్‌డీల్లో 14 లక్షలున్నాయి. రెండెకరాల పొలం అమ్మేద్దామంటున్నాడు అన్నయ్య.

జవాబు: ఇప్పుడే వద్దండి. ఆపరేషన్‌కైతే ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. ఈ మాత్ర పనిచేసినన్నాళ్లూ వేసుకోవాల్సిందే, గడువు తెలియని ఈఎంఐ అనుకోండి. ఫ్లారా అనే క్లినికల్ ట్రయల్‌లో (రోగులపై చేసిన పరీక్షలో) ఈ మందు వాడినవాళ్లలో సగం మందికి జబ్బు దాదాపు 19 నెలల దాకా ముదరలేదు. (ఈ అంకె లెక్క కోసమే, అమ్మ ముందు అనకండి.) మీ 14 లక్షలు 20 నెలలకు వస్తాయి. జీతంలోంచి నెలకు 25 వేలు కలిపితే 31 నెలలు. మధ్యలో మందు మారిస్తే లెక్క తిరగబడుతుంది కాబట్టి, తర్వాత ఏం వాడాల్సి రావచ్చో డాక్టర్‌గారిని ముందే అడగండి.

అసలు మీ ఉత్తరంలో ఆఫీసు ఆరోగ్య బీమా పాలసీ ఊసే లేదు! అమ్మ పేరు అందులో ఉందా? ఇంట్లో వేసుకునే మాత్రకు 'అడ్మిషన్ లేదు' అని క్లెయిమ్ తిప్పి పంపుతుంటారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో, కంపెనీలు కవర్ ఇవ్వాల్సిన ఆధునిక చికిత్సల్లో ఓరల్ కీమోథెరపీని (నోటితో వేసుకునే కీమో మందులను) చేర్చింది, కానీ కంపెనీలు దానికి సబ్ లిమిట్ (విడిగా ఒక తక్కువ పరిమితి) పెట్టుకోవచ్చు. 'ఇది కీమో కాదు, టార్గెటెడ్ థెరపీ (ఫలానా జన్యు మార్పునే గురిపెట్టే మందు)' అని మెలిక పెట్టేవాళ్లూ ఉన్నారు. మందు పేరుతో సహా హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి. ఉద్యోగం మారాలనుంటే, కొత్త చోట తల్లిదండ్రులకు మొదటి రోజు నుంచే, పాత జబ్బుకు కూడా కవర్ ఉందో లేదో తేలాకే రాజీనామా.

2024 బడ్జెట్‌లో ఈ మందుపై 10 శాతం కస్టమ్స్ సుంకం ఎత్తేశారు. పాత రేట్లు నమ్మకుండా రెండు మూడు చోట్ల అడగండి. పాత పన్ను విధానంలో ఉంటే, ఇన్సూరెన్స్ రాని ఖర్చుకు తీవ్ర జబ్బుల చికిత్స ఖర్చు కింద (1961 ఆదాయపు పన్ను చట్టంలో 80డీడీబీ) లక్ష వరకు మినహాయింపు దొరుకుతుంది. స్పెషలిస్టు చీటీ ఉండాలి.

పొలం విషయానికొస్తే, అవసరం బయటపడ్డాక బేరగాడు చెప్పిందే ధర. అన్నయ్యను బేరం పెట్టొద్దని చెప్పి, పాస్‌పుస్తకం, 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), ఈసీ (భూమిపై అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) మాత్రం ఇప్పుడే సరిచేయించమనండి. ఎఫ్‌డీల్లో 5 లక్షలు మిగిలినప్పుడు మళ్లీ కూర్చుందాం.

అన్నట్టు, మందు కంపెనీ సహాయ పథకం ఏదైనా ఉందేమో ఆసుపత్రి ఫార్మసీలో అడగండి. ఉంటే వాడేసిన స్ట్రిప్పులు, బిల్లులు చూపించమనొచ్చు. ఈ రోజు నుంచి ఒక్క స్ట్రిప్పు కూడా పారేయకండి.