1980 రీమ్యాచ్‌లో పనామా బాక్సర్ రాబర్టో డురాన్ మధ్యలోనే ఎందుకు తప్పుకున్నాడు?

కడుపునొప్పి వల్లనని డురాన్ చెప్పాడు. కానీ అదొక్కటే కారణమని నేను నమ్మను.

1980 జూన్ 20న మాంట్రియల్‌లో అమెరికా బాక్సర్ షుగర్ రే లెనార్డ్‌ను పాయింట్ల మీద ఓడించి, డురాన్ డబ్ల్యూబీసీ (వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్) వెల్టర్‌వెయిట్ అనే బరువు విభాగంలో టైటిల్ గెలిచాడు. లెనార్డ్‌కు ప్రొఫెషనల్‌గా అదే తొలి ఓటమి. బౌట్‌కు ముందు డురాన్ తిట్లతో రెచ్చగొట్టాడు. ఆ రోషంలో లెనార్డ్ తన అసలు బలమైన కాళ్ల వేగాన్ని పక్కనపెట్టి, పదిహేను రౌండ్లూ దగ్గరగా నిలబడి కొట్లాడాడు. డురాన్‌కు కావలసిందీ అదే.

గెలిచాక డురాన్ పనామాలో విందుల్లో మునిగి బాగా బరువు పెరిగాడు. అయిదు నెలలకే, నవంబర్ 25న న్యూ ఓర్లీన్స్‌లో లెనార్డ్‌తోనే రీమ్యాచ్. విభాగం పరిమితికి సరిపోయేలా బరువు హడావిడిగా దించుకోవాల్సి వచ్చింది. పైగా ఈసారి లెనార్డ్ దొరకలేదు. రింగంతా తిరుగుతూ, జాబ్ (చేయి చాచి తిన్నగా కొట్టే గుద్దు) విసిరి తప్పుకుంటూ ఆడాడు. ఏడో రౌండ్లోనైతే కుడిచేతిని గిరగిరా తిప్పి, అందరూ దానివైపు చూస్తుండగా ఎడమచేత్తో మొహం మీద గుద్దాడు! డురాన్ లాంటి గర్విష్ఠికి దెబ్బ కన్నా ఆ ఎగతాళే ఎక్కువ తగిలిందని నా అభిప్రాయం.

ఎనిమిదో రౌండ్లో అతను వెనక్కి తిరిగి, చేయి ఊపి ఆపేశాడు. స్పానిష్‌లో 'నో మాస్', అంటే 'ఇక చాలు' అన్నాడని ప్రచారం. తాను ఆ మాట అననేలేదని డురాన్ తర్వాత చెప్పాడు. అప్పటికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ లెనార్డ్ ఒకటి రెండు పాయింట్లే ముందున్నాడు. డురాన్‌ను పిరికివాడనడం మాత్రం అన్యాయం. 1989లో, 37 ఏళ్ల వయసులో, ఇరాన్ బార్క్లీ అనే బాక్సర్‌ను ఓడించి, అంతకన్నా బరువైన మిడిల్‌వెయిట్ విభాగంలో టైటిల్ గెలిచింది ఇతనే.