గ్రామసభల చేతులెత్తినం, బుక్కుల తీర్మానం ఉందో లేదో తెల్వదు – కేసు నిలబడతదా?

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గర ఊరు. పోయినేడు వానాకాలం స్పెషల్ ఆఫీసర్ ఉన్నప్పుడు గ్రామసభ పెట్టి, ఈసారి జీపీడీపీల, అంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్లాన్‌ల, సామాజిక న్యాయం థీమ్ తీసుకుంటున్నం, ముందుగాల ఏ పని కావాల్నో మీరే చెప్పున్రి అన్నరు. మా ఎస్సీ కాలనీల మోరి లేదు, వానొస్తే ఇండ్లళ్లకు నీళ్లొస్తయ్, మా అమ్మ డెంగ్యూతోని ఎంజీఎం దవాఖానల పడ్డది. అందరం చేతులెత్తి మోరే ముందు అన్నం, తెల్ల కాయితం మీద సంతకాలు తీసుకున్నరు, వీడియో కూడా ఉంది. ఇప్పుడు కొత్త సర్పంచ్ ఆ తీర్మానంతోని నాకేం సంబంధం అని ఇంకో వాడల సీసీ రోడ్డు పెట్టిండు, అడిగితే నలుగుర్ల మమ్మల్ని తక్కువ చేసి మాట్లాడిండు. సెక్రటరీకి ఆర్టీఐ చేతికిచ్చి నాలుగు నెలలైంది, జవాబు లేదు. పాత తారీకుతోని తీర్మానం రాయించి సంతకాలు పెట్టిద్దామని మా వార్డు మెంబర్ అంటున్నడు. హైకోర్టుకు పోతే గెలుస్తమా?

జవాబు: సర్పంచ్ తక్కువ చేసి మాట్లాడిండని రాసిన్రు, కానీ మీ కేసు తేలేది అక్కడ కాదు. మీరు ఒక్క ముక్కల చెప్పి దాటిపోయిన తెల్ల కాయితం దగ్గర తేలుతది. ఆ సంతకాలు హాజరుకు తీసుకున్నరా, తీర్మానానికా? ఆ రోజు మినిట్స్ బుక్కుల, అంటే సభల జరిగింది రాసే పుస్తకంల, తీర్మానం నంబరుతోని ఎక్కిందా లేదా? గ్రామసభల ఎంతమంది చేతులెత్తినా బుక్కుల ఎక్కకపోతే కోర్టు ముందట అది ఊరోళ్ల కోరిక కిందనే ఉంటది. కోరం సంగతి కూడా చూడాలె, ఊర్ల ఓటర్ల సంఖ్యను బట్టి ఇంతమంది ఉండాలని 2018 పంచాయతీరాజ్ చట్టంల ఉంది, అవతలి వకీలు మొట్టమొదట అడిగేది అదే, దానికి మీ జవాబు ఆ హాజరు షీటే.

కొత్త సర్పంచ్ చెప్పింది మాత్రం తప్పు. మనుషులు మారుతరు గానీ పంచాయతీ అదే పంచాయతీ, స్పెషల్ ఆఫీసర్ టైంల రాసిన తీర్మానం ఎలక్షన్ అయినంత మాత్రాన మాయం కాదు. అట్లనే మీ దిక్కు నుంచి ఒక భ్రమ కూడా ఉంది. థీమ్ పేరు సామాజిక న్యాయం కాబట్టి, రాజ్యాంగం 243జీల ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయం కోసం పంచాయతీలు ప్లాన్లు చేయాలని ఉంది కాబట్టి కోర్టు మోరి కట్టిస్తదనుకుంటున్నరు. ఆ ఆర్టికల్ రాష్ట్రాలు పంచాయతీలకు అధికారాలు ఇయ్యొచ్చని చెప్తది, మీ వాడల ఫలానా పని చేయమని చెప్పదు. మీకు బలం వచ్చేది ఊరు తీర్మానం చేసింది, అది ప్లాన్ల ఎక్కింది, కారణం చెప్పకుంట పక్కకు పెట్టిన్రు అని కాయితంతోని చూపెట్టినప్పుడే.

ఇగ పాత తారీకు మాట. ఇది అస్సలు వద్దు, ఆ వార్డు మెంబర్ ఎంత మంచోడైనా వద్దు. పంచాయతీ రికార్డు ప్రభుత్వ రికార్డు, దాంట్ల దొంగ రాత రాస్తే భారతీయ న్యాయ సంహిత 337 కింద ఏడేండ్ల దాక జైలు ఉంది. సంతకం పెట్టేది మీ కాలనీ ఆడోళ్లు, ముసలోళ్లు, కేసు అయ్యేది వాళ్ల మీద. పైగా నిజంగ జరిగిన సభను మీ చేతులతోని మీరే అబద్ధం చేసుకున్నట్టయితది, ఆ తర్వాత మీ వీడియోను కూడా ఎవడూ నమ్మడు.

ఆర్టీఐ విషయంల మాత్రం మీది పెద్ద నిర్లక్ష్యం. చేతికిచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ లేకుంట వచ్చిన్రు, నాకు రాలేదని సెక్రటరీ అంటే మీ దగ్గర ఏముంది? 30 రోజుల్ల జవాబు రాకపోతే, ఆ పైన 30 రోజుల్ల ఫస్ట్ అప్పీలు ఎయ్యాలె, మీరు నాలుగు నెలలు ఊకున్నరు. దాన్ని పట్టుకుని గుంజకున్రి, కొత్తది పెట్టున్రి, గ్రామ స్థాయిల ఫీజు కూడా లేదు, స్పీడ్ పోస్టుల పంపి రసీదు జాగ్రత్త చేస్కోన్రి. అడిగేటప్పుడు ఆ తారీకు పేజీ ఒక్కటే కాదు, దాని ముందటి పేజీ, ఎనకటి పేజీ కూడా సర్టిఫైడ్ కాపీ అడగాలె, పేజీ చింపిన్రా, మధ్యల ఇరికిచ్చిన్రా అప్పుడు తెలుస్తది. హాజరు షీటు, ఆ ఏడు జీపీడీపీ, సీసీ రోడ్డు ఎస్టిమేటు, ఎంబీ (పని కొలతలు రాసే పుస్తకం), ఏ పద్దు కింద పైసలు పెట్టిన్రో అది కూడా. రికార్డు నేను వచ్చి చూస్తా అని కూడా రాయొచ్చు, చట్టంల ఆ హక్కు ఉంది. ఈసారి జవాబు రాకపోతే 30 రోజుల్ల ఫస్ట్ అప్పీలు, దాని మీద 90 రోజుల్ల సమాచార కమిషన్‌కు సెకండ్ అప్పీలు, క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోన్రి.

పద్దు ఎందుకు అడగమన్ననంటే, 2025-26 దాక ఉన్న 15వ ఆర్థిక సంఘం గ్రాంట్ల 60 శాతం టైడ్, అంటే తాగునీళ్లకూ పారిశుద్ధ్యానికీ తప్ప వేరే దానికి వాడొద్దు. సీసీ రోడ్డుకు ఆ పైసలే పెట్టిన్రని తేలితే మీ తీర్మానం బుక్కుల లేకపోయినా అది ఆడిట్ల దొరికే తప్పు, డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) ముందట గట్టి పాయింటు. ఇయ్యాలనే ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్‌ల మీ పంచాయతీ ప్లాన్ తెరిచి చూడున్రి. మోరి పని అక్కడ ఎక్కి ఉంటే ఆ పేజీ ప్రింటు తీసి పెట్టుకోన్రి, మీ కేసు సగం అక్కడనే ఉంది.

వీడియో తీసిన ఫోన్ అమ్మకున్రి, ఫార్మాట్ చేయకున్రి. వాట్సాప్‌ల వచ్చిన కాపీ పనికిరాదు, అసలు ఫైలు కావాలె, భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్ పెట్టాలె, అది తీసినాయన దగ్గరి నుంచి ఒకటి, నిపుణుని దగ్గరి నుంచి ఒకటి.

హైకోర్టు సంగతికొస్తే, అక్కడ అధికారుల మీద ఏసే రిట్ పిటిషన్‌కు ఇన్ని రోజులని లిమిటేషన్ లేదు, కానీ ఆలస్యం చేస్తే కోర్టు అడుగుతది. రోడ్డు పోసి, ఎంబీ రాసి, బిల్లు అయినంక దాన్ని తవ్వమని ఏ జడ్జీ చెప్పడు. అందుకే ఆర్టీఐ జవాబు కోసం ఆగకున్రి. తారీకులతోని ఒక రిప్రజెంటేషన్ రాసి ఎంపీడీవోకు, డీపీవోకు ఇయ్యున్రి, వచ్చే సోమవారం హనుమకొండ కలెక్టరేట్‌ల ప్రజావాణిల కూడా ఇచ్చి రసీదు తీసుకోన్రి. అడగకుంట సీదా రిట్ ఏస్తే ముందు అధికారులను అడిగినవా అంటరు. సర్పంచ్ మాటల గురించి దాంట్ల ఒక్క లైను కూడా రాయకున్రి, పని మీదకెళ్లి దృష్టి పోతది. అదేమన్న కేసు అయితదా అంటే ఏమన్నడో ఆ మాటలు ఉన్నదున్నట్టు, సాక్షులతోని వేరేగ రాసి పంపున్రి, అప్పుడు చెప్తా.

బుక్కుల తీర్మానం లేదు, ప్లాన్ల కూడా లేదని తేలితే రిట్ మీద పైసలు పెట్టకున్రి. వచ్చే గ్రామసభకు కాలనీ అంత పోయి మళ్ల పెట్టియ్యున్రి, ఈసారి బుక్కుల రాసినంక చదివిపిచ్చి, నంబరు చూసి, కింద ఖాళీ జాగ ఉంటే గీత కొట్టిపిచ్చి, అప్పుడే సంతకం పెట్టి పేజీ ఫోటో తీసుకోన్రి. వకీలు ఫీజుకు భయపడకున్రి, ఎస్సీలకు, ఎస్టీలకు, ఆడోళ్లకు ఆదాయంతోని పనిలేకుంట ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు పోయినా సరే, 15100కు ఫోన్ చేసినా సరే.