ఆడిట్ రికార్డులో ఫైల్ పేరు: ప్యాచ్‌కు ఓకే చెప్పే ముందు

ప్రశ్న: మా లినక్స్ కెర్నెల్ మాడ్యూల్ రాసే ఆడిట్ రికార్డుకు (భద్రతా ఘటనల లాగ్‌లో ఒక పద్దు) ఫైల్ పేరు జోడిస్తూ ఒక జూనియర్ ప్యాచ్ పంపాడు. ఆడిట్_లాగ్_ఫార్మాట్‌లో పర్సెంట్ ఎస్ (స్ట్రింగును ఉన్నదున్నట్టు రాసే గుర్తు) పెట్టి, ఆ ఫీల్డును రికార్డు మధ్యలో ఇరికించాడు. టెస్టులో బాగానే వస్తోంది. ఓకే చెప్పొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఫైల్ పేరు పెట్టేది యూజర్. 'ఎక్స్ రెస్=1' అని పేరు పెట్టాడనుకోండి, లాగ్ చదివే ప్రోగ్రాముకు ఆ 'రెస్=1' (పని సఫలమైందనే గుర్తు) మీ కెర్నెల్ రాసిన ఫీల్డులాగే కనబడుతుంది. పేరులో న్యూలైన్ ఉంటే ఏకంగా దొంగ రికార్డే పుట్టించవచ్చు. అందుకే ఇక్కడ వాడాల్సింది ఆడిట్_లాగ్_అన్‌ట్రస్టెడ్‌స్ట్రింగ్. మామూలు పేరైతే అది కోట్స్‌లో పెడుతుంది. ఖాళీ (స్పేస్), డబుల్ కోట్, కంట్రోల్ అక్షరం ఏదున్నా పేరు మొత్తాన్నీ హెక్స్‌లోకి మారుస్తుంది. చిన్నబడి ఏ, ఖాళీ, చిన్నబడి బీ కలిస్తే 612062 అన్నమాట. కోట్స్ అదే పెట్టుకుంటుంది కాబట్టి ఫార్మాట్‌లో మళ్లీ పెట్టనివ్వకండి. తెలుగు పేర్లున్న ఫైళ్లూ హెక్స్‌లోనే వస్తాయి, కంగారొద్దు. ఆడిట్ లాగ్‌లో వెతికే ఏయూసెర్చ్ కమాండ్‌కు మైనస్ ఐ ఇస్తే అసలు పేరు చూపిస్తుంది.

కొత్త ఫీల్డును చివరికి జరపమనండి. పాత వరుసను నమ్ముకున్న పార్సర్లు బయట చాలానే ఉన్నాయి.

తర్వాత ఆడిట్_లాగ్_స్టార్ట్‌ను ఎక్కడ పిలుస్తున్నాడో చూడండి. స్పిన్‌లాక్ (పట్టుకున్నంతసేపూ నిద్రపోకూడని లాక్) పట్టుకుని జీఎఫ్‌పీ_కెర్నెల్ (అవసరమైతే ఆగవచ్చని చెప్పే ఫ్లాగ్) ఇస్తే అది నిద్రపోవచ్చు, అక్కడే కొంప మునుగుతుంది. డీబగ్_అటామిక్_స్లీప్ ఆన్ చేసిన కెర్నెల్‌లో నడిపిస్తే హెచ్చరిక వస్తుంది. జీఎఫ్‌పీ_అటామిక్‌గా (ఆగవద్దని చెప్పే ఫ్లాగ్) మార్చేస్తే సరిపోతుందని అంటాడు. కానీ అప్పుడు ఆడిట్ రికార్డుల క్యూ నిండితే ఆగకుండా రికార్డును వదిలేస్తుంది. కావలసిన విలువలను లాక్ లోపల కాపీ చేసుకుని, లాక్ వదిలాక రాయించడం మేలు. స్టార్ట్ నుంచి నల్ వచ్చినా ఫార్మాట్, ఎండ్ ఫంక్షన్లు ఊరికే తిరిగొచ్చేస్తాయి, వాటి ముందు ఇఫ్‌లు పేర్చనక్కర్లేదు.

ప్రశ్న: ప్యాచ్ పెట్టాక ఆడిట్ స్థితి చూపే ఆడిట్‌సీటీఎల్ మైనస్ ఎస్‌లో 'లాస్ట్' (పోయిన రికార్డుల) అంకె పెరుగుతోంది. తప్పు ప్యాచ్‌దేనా?

జవాబు: ముందు మైనస్ బీ (క్యూలో పట్టే రికార్డుల పరిమితి) ఎంతుందో చూడండి. కెర్నెల్ డిఫాల్ట్ 64 మాత్రమే. 8192 పెట్టి, ప్యాచ్ ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకే లోడ్‌తో పోల్చండి. ఇదంతా టెస్ట్ మెషీన్‌లోనే. మైనస్ ఎఫ్ 2 ఉన్న సర్వర్‌లో రికార్డు పోతే కెర్నెల్ పానిక్ అయి మెషీన్ ఆగిపోతుంది.