కొట్టు, పిల్లలు, మరో కోరిక: దేన్ని వదులుకోవాలి?

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. ఎనిమిదేళ్ళుగా పూతరేకుల కొట్టు నడుపుతూ ఆరుగురు ఆడవాళ్ళకు పని ఇస్తున్నాను. ప్రతి పెట్టె నేను చూశాకే కట్టిస్తాను. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. బడిలో తల్లిదండ్రుల సమావేశానికి ఈసారి కూడా వెళ్ళలేకపోతే పాప నాతో మాట్లాడడం మానేసింది. పిల్లల్ని గాలికొదిలేశానని అత్తగారు చుట్టాల ముందే అన్నారు. ఊళ్ళో ఆడపిల్లలకు రేకు తీయడం నేర్పాలని నా కోరిక. ఉన్నవి చాలవా అంటారు మావారు. వీటిలో దేన్ని వదులుకోవాలి?

జవాబు: అమ్మా, మీరు వదులుకోవలసినది ఒక్కటే కనబడుతోంది, అది ప్రతి పెట్టెనూ మీరే చూడాలన్న నియమం. బోర్లించిన కుండ కింద మంట ఎంత ఉండాలో, పలుచని పిండిలో తడిపిన గుడ్డను కుండ మీద ఎంత ఒడుపుగా పరిచి లాగాలో చేసి చేసి తెలుసుకోవలసిందే కనుక, నాణ్యత గురించి మీకున్న భయాన్ని నేను తేలికగా తీసుకోను. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరు నిలబెట్టాలన్న పట్టుదల మరింత పెరిగి ఉండవచ్చు. అయినా ఆరుగురిలో ఒక్కరికైనా సరుకు సరిచూసే బాధ్యతను, అందుకు తగిన జీతంతో సహా అప్పగించనంత కాలం, ఆర్డర్లు పెరిగినకొద్దీ తరిగేది మీ పిల్లల సమయమే. నేర్పాలన్న మీ కోరికను ఆ ఒక్కరితోనే మొదలుపెట్టండి. అప్పుడది అదనపు బరువు కాదు, మీకు తీరికనిచ్చే పని అవుతుంది. ఊరి పిల్లలకు నేర్పడం వచ్చే ఏడాదికి వాయిదా వేసినా నష్టం లేదు.

పాప కోపం మీ వ్యాపారం మీద కాకపోవచ్చు. వస్తానని చెప్పి రాకపోవడమే ఆ వయసు పిల్లలకు ఎక్కువగా గుచ్చుకుంటుంది. సంక్రాంతికి, పెళ్ళిళ్ళ రోజుల్లో, ఆషాఢం సారెలకు మీకు ఊపిరాడదని ముందే తెలుసు కాబట్టి, ఆ రోజుల్లో ఏమీ మాట ఇవ్వకండి. బడి సమావేశాల తేదీలు తెలియగానే కొట్టు క్యాలెండర్‌లో రాసి, ఆ పూటకు ఆర్డరు ఒప్పుకోకండి. ఈ సంగతి పాపతో చెప్పేటప్పుడు సంజాయిషీలు అక్కర్లేదు, ఒక్క క్షమాపణ చాలు.

అత్తగారి మాట నొప్పించేదే. రాత్రంతా చెరువు గట్టున రొయ్యలకు కాపలా కాసే తండ్రిని పిల్లల సంగతేమిటని మన డెల్టాలో ఎవరూ అడగరు, అది వేరే విషయం. ఆమెకు చుట్టాల ముందు బదులు చెప్పవద్దు. మీరు లేని వేళల్లో పిల్లలకు అన్నం పెట్టేది ఆమే అయితే, ఆ శ్రమను ఎవరూ గుర్తించడం లేదన్న బాధ కూడా ఆ మాటలో ఉండవచ్చు. ఏకాంతంగా కూర్చుని, ఆమె చేయగలిగినదేదో, చేయలేనిదేదో అడిగి, చేయలేని దానికి మనిషిని పెట్టుకోండి.

ఇక మీవారు. కొట్టు లెక్కలు ఆయనకు చూపించారో లేదో మీరు రాయలేదు. ఇంటి ఖర్చూ కొట్టు ఖర్చూ ఒకే సొమ్ములో కలిసిపోతుంటే, మీ సంపాదన ఆయనకు పై రాబడిలాగానే కనిపిస్తుంది. కొట్టుకు విడిగా బ్యాంకు ఖాతా తెరిచి, నెలకింతని మీకు మీరు జీతం తీసుకుని, ఆ పుస్తకం ఆయన ముందు పెట్టి, వారంలో ఏ సాయంత్రాలు బాబు చదువు ఆయన చూసుకుంటారో అప్పుడే అడగండి. సాయం చేయమని బతిమాలకండి, పని పంచుకోమని అడగండి. ఆయన కాదంటే, ఇద్దరూ కలిసి నాకు మరోసారి రాయండి.